చెల్లెలి చేయి

ఆ లెన్సు చింతగింజంత కూడా లేదు. ఫోను వెనక క్లిప్పుతో తగిలించి, చీర మీద పెట్టి, రెండు నిమిషాలు కదపకుండా పట్టుకోవాలి. అమ్మ ఊపిరి బిగబట్టి మరీ పట్టుకుంది. తెర మీద చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగింది.

"చేయి: హైమ. తీరు: సగటు."

తర్వాత చెల్లెలి చీర పెట్టారు.

"చేయి: కుసుమ. తీరు: ఉత్తమం." దాని పక్కన పచ్చటి పువ్వు ఒకటి విచ్చుకుంది. హైమ చీరకు పువ్వు రాలేదు.

"అబ్బో, దీనికి పువ్వు కూడా పూసిందే!" అని అమ్మ నవ్వింది. నాయన రంగుల పొయ్యి దగ్గర నుంచి చేతులైనా తుడుచుకోకుండా వచ్చి చూశాడు. కుసుమ సిగ్గుపడి మొహం తిప్పుకుంది. హైమ మాత్రం 'సగటు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఆమెకు ఇరవై ఏళ్ళు. ఐదేళ్ళుగా మగ్గం మీద ఉంది. పదిహేడేళ్ళ కుసుమ వేళ్ళు పట్టుకుని అడ్డపోగు మోసే నాడె విసరడం నేర్పింది తనే. నేర్పినదానికి సగటు వచ్చింది, నేర్చుకున్నదానికి పువ్వు వచ్చింది.

అంతకుముందు ఏడాది చినరేవుపాలెం చీరకు పెద్ద తెగులు పట్టుకుంది. 'మేలిసంత' అనే ఆన్‌లైన్ అంగట్లో ఆ ఊరి పేరుతో, ఆ ఊరి చీరల ఫోటోలతోనే, మరమగ్గం చీరలు అమ్ముడుపోసాగాయి. అంచులో జరీ బదులు ప్లాస్టిక్ తీగ. ఒక్క ఉతుకుకే రంగు బకెట్టులోకి దిగేది. కొన్నవాళ్ళు తిట్టింది మాత్రం ఈ ఊరి వాళ్ళనే. "చేనేత అని నమ్మించి మోసం చేశారు, ఈ ఊరి చీర ఎవరూ కొనకండి" అని ఎవరో ఒకావిడ రాసిన మాట నాయనకు కంఠతా వచ్చేసింది. అన్నం కలుపుకుంటూ దాన్నే గొణుక్కునేవాడు.

అప్పుడొచ్చింది ఫర్జానా మేడమ్, పట్నంలోని నేత ప్రయోగశాల నుంచి. ఆమె ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. నలభై మంది మగ్గాల దగ్గరికీ వెళ్ళి ఒక్కొక్కరి నేతను లెన్సుకు చూపించి, మర్నాడు వాళ్ళ చేత తలా జానెడు గుడ్డ నేయించి, ముక్కలన్నీ ఒక గంపలో వేసి కలిపేసింది. ఒక్కో ముక్కా తీసి లెన్సు కింద పెడుతూ ఎవరిది వాళ్ళకు తిరిగి ఇచ్చేసింది. ఒక్కటీ తప్పలేదు.

"పోగును బిగించడానికి అచ్చు లాగి కొట్టే దెబ్బ ఏ ఇద్దరికీ ఒకలా ఉండదు. పోగుకూ పోగుకూ మధ్య మీ చేయి వదిలే సందు మీ సంతకం లాంటిది," అని మాత్రం చెప్పింది.

రంగయ్య మామ తాను నేశానని ఇచ్చిన ముక్క ఆయన భార్యదని తేలినప్పుడు ఊరంతా పడీపడీ నవ్వింది.

"నాకు నడుం పట్టేస్తే అది కూచుందిలే," అన్నాడు మామ.

"ఎన్నేళ్ళ నుంచి పట్టేసింది మామా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఆ తర్వాత లెన్సు చదవని చీరను మేలిసంత తీసుకోవడం మానేసింది. మరమగ్గం చీర పెడితే 'మర' అని ఎర్రగా చెప్పేస్తుంది. ఊరు ఊపిరి పీల్చుకుంది. హైమకు మాత్రం ఊపిరాడకుండా అయింది.

ఇదివరకు ఇంట్లోంచి వెళ్ళిన చీర ఇంటి చీరే. ఎవరు నేశారని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు మేలిసంత మొదటి పేజీలో కుసుమ చీరలు పువ్వులతో సహా కనిపిస్తున్నాయి. హైమవి ఏడో పేజీ అడుగున ఉన్నాయి. ఆమె రోజుకు ఒకసారైనా వేలితో తెరను పైకి తోసుకుంటూ ఏడో పేజీ దాకా వెళ్ళి, తన చీర చూసుకుని, మళ్ళీ మొదటి పేజీకి వచ్చి చెల్లెలి చీర కింద రాసినవి చదివేది. "కుసుమ గారి చీర కట్టుకుంటే గాలి కట్టుకున్నట్టుంది." ఆ 'గారి' దగ్గర ఆమె తెరను తోయడం ఆపి మళ్ళీ చదివేది. నిన్నమొన్నటి దాకా జడ వేయించుకోవడానికి తన ముందు కూచున్న పిల్లకు గారా!

దానికి తోడు ఫర్జానా మేడమ్ ఫోను చేసింది. లెన్సుకు ఇంకా పదును పెట్టాలట. అందుకు ఒక చేయి కావాలట, ఎప్పుడూ తొట్రుపడని చేయి. వారానికి మూడు రోజులు, రెండు నెలల పాటు కుసుమ ప్రయోగశాలలో కూచుని నేయాలి. సోమవారం పొద్దున్నే కారు వచ్చింది. కుసుమ మెడలో నీలం రిబ్బనుతో, ఫోటోతో ఒక గుర్తింపు కార్డు వేశారు.

"పోయొస్తానక్కా. నా మగ్గం మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పవా?"

"పోవే, సైంటిస్టువి," అంది హైమ. వీధిలో అందరూ నవ్వారు. అది ఎగతాళి అని కుసుమకు కూడా తెలియలేదు.

ఆ పగలే, ఇంట్లో ఎవరూ లేని వేళ, హైమ చెల్లెలి మగ్గం మీద గుడ్డ కప్పలేదు. సగం నేసిన చీర మీద లెన్సు పెట్టి, పోగుల మధ్య సందులు ఎలా ఉన్నాయో తెర మీద పెద్దవి చేసుకుని చూసింది. మొదట ఎక్కడ తేడా ఉందో తెలుసుకుందామనే చూసింది. తెలుసుకున్నాక ఊరుకోలేకపోయింది.

కుసుమ దెబ్బ గట్టిది కాదు. కొట్టాక చేతిని ఒక్క రవ్వ ఆపి వదులుతుంది. చిన్నప్పుడు మెట్ల మీద పడి కుడి మణికట్టు బెణికింది కదా, అందుకని. ఆ బెణుకులోంచే ఆ మెత్తదనం వచ్చింది. ఇది కనిపెట్టినప్పుడు హైమకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. తనూ ఆ మెట్ల మీద నుంచే ఎన్నిసార్లు పడలేదు!

గురువారం కుసుమ ఇంట్లో నేస్తుంటే, ఆ చప్పుడంతా హైమ ఫోనులో రికార్డు చేసుకుంది. సోమవారం చెవుల్లో పెట్టుకుని తన గుంట మగ్గంలోకి దిగింది. చెల్లెలు తనకన్నా పొట్టి. అందుకని కూచునే చోట పరిచిన దుప్పటి తీసేసి కిందికి కూచుంది. కుడి మణికట్టుకు తడిగుడ్డ బిగించి కట్టింది. తక్, రవ్వంత ఆగడం, నాడె. తక్, రవ్వంత ఆగడం, నాడె. సాయంత్రానికి భుజం లాగేసింది. లెన్సు పెట్టింది.

"చేయి: హైమ. తీరు: సగటు."

విప్పేసి మళ్ళీ నేసింది. మంగళవారం మళ్ళీ. బుధవారం మళ్ళీ. చెల్లెలు ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నడుం నొప్పి అని చెప్పి నూలు కండెలు చుట్టింది. కుసుమ వెళ్ళగానే మగ్గమెక్కింది. చేయి మరిచిపోకుండా అన్నం తినేటప్పుడు కూడా ముద్దకూ ముద్దకూ మధ్య ఆగేది. "ఏమే, రాళ్ళేమైనా తగులుతున్నాయా?" అని అడిగింది అమ్మ.

మూడో వారం బుధవారం మధ్యాహ్నం తెర మీద చక్రం ఎప్పటికన్నా ఎక్కువసేపు తిరిగింది.

"చేయి: కుసుమ. తీరు: ఉత్తమం." పువ్వు విచ్చుకుంది.

హైమ పెరట్లోకి పరుగెత్తి, తలుపు వేసుకుని, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

శనివారం కుసుమ అక్క మగ్గం పక్కగా వెళుతూ నేసినంత మేర వేళ్ళతో తడిమింది. "అక్కా, ఎంత మెత్తగా వచ్చిందే! నడుం నొప్పితోనే ఇట్టా నేస్తే, నొప్పి లేకపోతే ఎట్టా నేస్తావో." హైమ మంచినీళ్ళు తాగుతోంది. పొలమారింది. కుసుమే వచ్చి మాడు మీద తట్టింది.

రెండు నెలల్లో హైమ అలా నాలుగు చీరలు దించింది. చేనేత సొసైటీకి ఇచ్చేశానని కుసుమకు చెప్పింది. కానీ మడత పెట్టి చెల్లెలి చీరల దొంతరలో దూర్చింది. అమ్మ ఒక్కోటి తీసి లెన్సు పెట్టి, పేరు చూసి, మేలిసంతకు పంపేసేది. ఆమెకు ఏ అనుమానమూ రాలేదు. కళ్ళ కన్నా లెన్సును నమ్మడం అప్పటికే అలవాటైపోయింది.

మూడో చీర కొన్నావిడ రాసింది: "కుసుమ గారి చీరలు నా దగ్గర ఐదున్నాయి. అన్నిట్లోకీ ఇది మేలు."

హైమ ఆ మాట తన నోటుబుక్కులో రాసుకుంది. 'కుసుమ' అన్న చోట ఖాళీ వదిలి రాసుకుంది.

తర్వాతి శుక్రవారం పదకొండు గంటలకు కుసుమ చీరలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. ప్రతి చీర మీదా అడ్డంగా 'నకిలీ' అని వచ్చింది. ఒక మనిషి చేయి రెండు నెలల్లో ఎన్ని దెబ్బలు వేయగలదో లెన్సు వెనక ఉన్న యంత్రానికి తెలుసు. కుసుమ ఇంట్లో ఉన్న రోజులకు ఐదు చీరలు రావాలి. తొమ్మిది వచ్చాయి. కాబట్టి ఆమె తన చేతి గుర్తును ఏ మిల్లుకో అమ్ముకుందని, వాళ్ళు దాంతో మర నడుపుతున్నారని మేలిసంత తేల్చింది. సోమవారం సాయంత్రం లోగా జవాబు చెప్పకపోతే ఆమె పేరు శాశ్వతంగా తీసేస్తారు. ఊరి చీరలన్నీ అప్పటిదాకా ఆపేశారు.

తెర మీద ఆ ఎరుపు చూసినప్పుడు హైమకు ముందుగా కలిగింది భయం కాదు. చల్లగా అనిపించింది. మొదటి పేజీలో పువ్వు లేదు. ఆ చల్లదనం ఎంతసేపు ఉందో ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు.

వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చింది.

"ఎంతకమ్మావే పిల్లా, చెప్పు!" అన్నాడు రంగయ్య మామ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"నేనెవరికీ ఏమీ అమ్మలా మామా," అంది కుసుమ. మెడలో ఇంకా ఆ నీలం రిబ్బను ఉంది. నాయన రంగుల పొయ్యి ఆర్పేసి గోడవారగా కూలబడ్డాడు. కుసుమ ఆ రోజంతా మెతుకు ముట్టలేదు. శనివారం పొద్దున హైమ దగ్గరికొచ్చి చేయి పట్టుకుంది.

"అక్కా, మేడమ్ దగ్గరికి నువ్వు రావా? నాకు నేర్పింది నువ్వే గదా. ఇది నా చెయ్యేనని, నేనెవరికీ ఇవ్వలేదని నువ్వు చెప్తే నమ్ముతారు. నా చెయ్యి నీకన్నా బాగా ఎవరికి తెలుసు?"

బస్సులో దారి పొడుగునా కుసుమ ఆమె భుజం మీద తల వాల్చి పడుకుంది. ఆ తల బరువుకు హైమకు భుజం నొప్పి పుట్టింది. కదల్లేదు.

అనుమానం రాగానే మేలిసంత కొన్నవాళ్ళ దగ్గర నుంచి వెనక్కి తెప్పించిన తొమ్మిది చీరలనూ ప్రయోగశాలలో ఫర్జానా మేడమ్ బల్ల మీద పరిచి ఉంచింది. ఆమె కళ్ళు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. గది మూలన ఒక ఇనుప మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది.

"మూడేళ్ళు ఆ మరతో ఒక మనిషి చేయిని నకలు చేయాలని చూశాం. చేయగలిగితేనే కదా దొంగలు ఏం చేస్తారో తెలిసేది. మా వల్ల కాలేదు. ఇప్పుడు ఎవరి వల్లో అయింది. కుసుమా, నిజం చెప్పు తల్లీ. నీ చేయిని ఎవరికి కొలవనిచ్చావు?"

కుసుమ అక్క వైపు చూసింది, నువ్వు చెప్పు అన్నట్టు.

హైమ వెళ్ళి అక్కడున్న గుంట మగ్గంలో దిగింది. పరిచి ఉన్న దుప్పటి తీసేసి కిందికి కూచుంది. తక్, రవ్వంత ఆగడం, నాడె. బెత్తెడు నేసి లేచి, లెన్సు తానే పెట్టింది.

"చేయి: కుసుమ. తీరు: ఉత్తమం."

ఫర్జానా మేడమ్ వంగి తెర మీది పేరును రెండుసార్లు చదివింది.

"ఆ నాలుగూ నావి మేడమ్. మర లేదు, మిల్లు లేదు. నేనే," అంది హైమ.

కుసుమకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నువ్వు నన్ను ఇంతగా చూశావా అక్కా?" అంది. తర్వాత మొహం మారిపోయింది. "నాకు జ్వరమొస్తే కూడా ఇంతగా చూసుండవు."

ఫర్జానా మేడమ్ కుర్చీలో కూలబడింది. "ఇది చెప్పినా సరిపోదమ్మా. ఈ తొమ్మిదీ లెన్సు కళ్ళకు ఒకరివే. ఏ నాలుగు నీవో, ఏ ఐదు ఆమెవో నేను రుజువు చేయలేను. ఇద్దరి చేతులూ ఒకటైతే ఇద్దరి పేర్లూ తీసేయమంటారు. ఊరి సంగతి ఇంకా కష్టం. ఒకరు చేయగలిగితే రేపు ఇంకొకరు చేస్తారు. లెన్సునే నమ్మరు."

కుసుమ బల్ల మీది చీరల్ని పిచ్చిదానిలా తిరగేస్తోంది. తనవి తనకే తెలియడం లేదు. చివరికి ఒక చీరను ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆ చీర చివరి కుచ్చు ఆమె మోచేతి మీద వేలాడుతోంది.

హైమ ఆ కుచ్చు వైపే చూస్తూ ఉండిపోయింది.

మగ్గం మీద నిలువునా సాగే పాత పడుగు అయిపోయినప్పుడు, అచ్చులో మిగిలిన పాత పోగుల చివర్లకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా అతకాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని, రెండు పోగుల్నీ కలిపి పురి పెట్టాలి. నాలుగు వేల పోగులు. ఒకటిన్నర రోజు పని. చినరేవుపాలెంలో ఎవరి పడుగు వాళ్ళు అతుక్కోరు. నేసే మనిషికి మగ్గమెక్కాలనే తొందర ఉంటుంది, తొందరలో పెట్టిన పురి నిలవదు అని నాయనమ్మ చెప్పేది. అందుకని ఆ ఇంట్లో కుసుమ పడుగు హైమ అతుకుతుంది, హైమ పడుగు కుసుమ అతుకుతుంది. ఆ అతుకుల్ని కోసి పారేయకుండా, పడుగు మీద వచ్చే మొదటి చీరకు కుచ్చుగా వదిలేస్తారు. కొన్నవాళ్ళు దాన్ని అలంకారం అనుకుంటారు.

చెల్లెలి దెబ్బ దొంగిలించింది, కూచునే ఎత్తు దొంగిలించింది. కానీ తన పడుగును తానే అతుక్కోవాలన్న ఆలోచన హైమకు కలలో కూడా రాలేదు. ఎప్పటిలాగే చెల్లెల్ని పిలిచి అతికించుకుంది.

"మేడమ్, నేత చూడొద్దు. కుచ్చు చూడండి," అంది.

"కుచ్చులో దెబ్బ ఉండదు. లెన్సు ఏం చదువుతుంది?"

"పురి ఉంటుంది."

అక్కాచెల్లెళ్ళిద్దరినీ చెరో మూల కూచోబెట్టి నూరేసి పోగులు అతికించారు. లెన్సుకు పురి చదవడం నేర్పడానికి ఆదివారమంతా పట్టింది. సోమవారం పొద్దున ఒక్కో కుచ్చునూ దాని కింద పెట్టారు. తొమ్మిది చీరల్లో ఐదింటికి కుచ్చు ఉంది. వాటిలో మూడింటికి నేత కుసుమది, పురి హైమది. మిగిలిన రెంటికీ నేత కుసుమదే, పురీ కుసుమదే. అంటే అవి అక్క మగ్గం మీద పుట్టినవి. కుచ్చు లేని చీరలు ఏ పడుగులోవో పోగు రంగును బట్టి తేలిపోయాయి.

"చేయి ఒకటే చూశాం ఇన్నాళ్ళూ," అంది ఫర్జానా మేడమ్. "ఒక చీరలో ఇద్దరుంటారని మాకు ఎవరూ చెప్పలేదు."

"మీరు అడగలేదు గదా," అంది కుసుమ. ఆ మాట మేడమ్‌తో అన్నా, చూపు మాత్రం నేల మీదే ఉంది.

మధ్యాహ్నానికి ఎరుపు పోయింది. పువ్వు మళ్ళీ వచ్చింది. ఇకనుంచి నేతతో పాటు పురి కూడా చదవాలని నియమం పెట్టారు. హైమ పేరు మాత్రం ఆపేశారు. తన సొంత చేయి మళ్ళీ నమోదు చేయించుకుంటేనే ఆమె చీర తీసుకుంటారు.

"కూచోమ్మా, నీలా నెయ్యి," అంది మేడమ్.

హైమ దుప్పటి పరిచి ఎత్తుగా కూచుంది. నేసింది. "చేయి: కుసుమ." గట్టిగా కొట్టింది. "చేయి: కుసుమ." కళ్ళు మూసుకుని నేసింది, ఎడాపెడా నేసింది. "చేయి: కుసుమ." కుసుమ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. ఆమె జాలిపడలేదు. కానీ అక్కణ్ణుంచి కదలనూ లేదు.

పదకొండు రోజులు కుసుమ అక్కతో మాట్లాడలేదు. పన్నెండో రోజు హైమ మగ్గం మీద కొత్త పడుగు ఎక్కింది. ఎవరినీ పిలవడానికి మొహం చెల్లక, ఆమె బూడిద గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూచుంది. కాసేపటికి కుసుమ వచ్చి గిన్నె లాక్కుంది.

"లే. నీ పడుగు నువ్వే అతుక్కుంటావా, సిగ్గులేకపోతే సరి."

రెండో రోజు మధ్యాహ్నానికి అతకడం అయింది. అప్పుడు హైమ అమ్మ పెట్టె అడుగు నుంచి ఒక ఆకుపచ్చ నూలు చీర తీసింది. పదిహేనేళ్ళప్పుడు తాను నేసిన మొదటి చీర. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. అమ్మ దాన్ని ఉతికి ఉతికి మెత్తన చేసింది. హైమ దాని మీద లెన్సు పెట్టింది.

"చేయి: హైమ. తీరు: సగటు."

ఒకప్పుడు కళ్ళు మంటపెట్టిన మాట. ఇప్పుడు దాన్ని ఎవరో దూరంగా ఉన్న మనిషి పేరు చదివినట్టు చదువుకుంది. చీరను మగ్గం ఎదుట తాడు మీద ఆరేసుకుని, గుంటలోకి దిగింది. నేసి చూసింది. కుసుమ చేయే.

"అట్టా కాదు," అంది కుసుమ. మగ్గం రాట పక్కన వచ్చి నిలబడింది. "నాకు నేర్పేటప్పుడు ఇక్కడే నిలబడి వినేదాన్ని. నీది ఇట్టా ఉండేది." వేలి కణుపులతో రాట మీద కొట్టింది. తక్, తక్కు తక్. తక్, తక్కు తక్. "మూడిటికొకసారి ఆగి ముక్కు ఎగబీల్చేదానివి."

"నేనా?"

"నువ్వే. ఏడాది పొడుగునా జలుబే గదా నీకు."

ఇద్దరికీ నవ్వొచ్చింది కానీ ఇంకా నవ్వేంత చనువు తిరిగి రాలేదు. కుసుమ రాట మీద కొడుతూనే ఉంది. హైమ ఆ చప్పుడు వెంట చేయి నడిపించాలని చూసింది. ప్రతి దెబ్బ తర్వాతా మణికట్టు తనంతట తానే రవ్వంత ఆగిపోతోంది.

"చేయి: కుసుమ."

హైమ తలెత్తి తాడు మీది ఆకుపచ్చ చీర వైపు చూసింది. ఎగుడుదిగుడు దెబ్బలతో, ముక్కు ఎగబీల్చుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా ఆ చీర నేసుకున్న పదిహేనేళ్ళ పిల్ల మీద ఆమెకు కళ్ళు కుట్టాయి. చెల్లెలి మీద కూడా ఎన్నడూ అంతగా కుట్టలేదు. కుసుమ చేయి దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఈ పిల్ల చేయి దొరకడానికి ఎన్నాళ్ళు పడుతుందో.

"ఎక్కడ ఆగేదాన్నన్నావు?" అని అడిగింది.

"మూడోదాని తర్వాత," అంది కుసుమ, వేళ్ళు రాట మీద పెట్టి. "మళ్ళీ."

హైమ ముక్కు ఒకసారి ఎగబీల్చి, నాడె విసిరింది.